రాన్స్ మొగలో పోటునీటి విద్యుత్తు

ఫ్రాన్సు దేశమునకు వాయవ్యమున, అట్లాంటిక్ మహాసముద్రములోనికి చొచ్చుకొని పోయిన బ్రిటనీ అను ప్రాంతము కలదు. దాని ఉత్తరపు తీరమున సాన్ మాలో అను పాత రేవుపట్టణమును, దినార్ అను చిన్న పట్టణమును ఎదురెదురుగా నున్నవి. ఈ రెంటి నడుమ రాన్స్ నది సముద్రములో కలియుచున్నది. నది చిన్నదే కాని దాని మొగ మిక్కిలి వెడల్పైనది. ఒక ఊరినుండి రెండవ ఊరికి పోవు రోడ్డు, ఈ మొగకు అడ్డముగా కట్టిన 750 మీటర్ల కట్టమీదుగా సాగును. మోటారులో పోవువారు అది వంతెన యనుకొని దాటిపోయినను ఆశ్చర్యము లేదు. అచట పొగగొట్టము లేదు. బొగ్గు గుట్టలు లేవు. నాగార్జునసాగరమువలె తలయెత్తి చూడవలసిన ఆనకట్టయు లేదు. కాని ఆ రోడ్డుక్రింద, నీటిలో మునిగియున్న 24 టర్బైనులు కలవు. వాని మొత్తపు సామర్థ్యము 2 లక్షల 40 వేల కిలోవాట్లు. సముద్రపు పోటుపాట్లనుండి పెద్ద ఎత్తున విద్యుత్తును తీసిన మొదటి కేంద్రము ఇదియే. 1966 నవంబరు 26న నాటి ఫ్రెంచి అధ్యక్షుడు జనరల్ డి గాల్ దీనికి ప్రారంభోత్సవము చేసెను.

ఇట్టి కేంద్రమునకు బొగ్గు కొననక్కరలేదు. వర్షములకొరకు ఆకాశమువైపు చూడనక్కరలేదు. ఏ దినమున ఏ వేళకు పోటు వచ్చునో, అది ఎంత ఎత్తు లేచునో అనేక సంవత్సరములకు ముందే లెక్కకట్టి పట్టిక వేయవచ్చును. ఇన్ని సుగుణములుండియు, ప్రపంచమున ఇట్టి కేంద్రములు నేటికిని వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే యున్నవి. ఎందుచేత? మన కోస్తా జిల్లాల విద్యార్థి అడుగదగిన ప్రశ్న మరియొకటి కలదు. మన గోదావరి మొగలలోను పోటు వచ్చుచున్నది గదా. అచట ఇట్టి కట్ట ఎందుకు లేదు? రాన్స్ కేంద్రమును లోపలినుండి చూచినచో రెండు ప్రశ్నలకును సమాధానము దొరకును.

నీరు పొంగుట పోటు, తగ్గుట పాటు. పాఠ్యపుస్తకములలో పాటునే ఆటు అనుచున్నారు. చంద్రుని ఆకర్షణ భూమియొక్క దగ్గరి పక్కపై కొంచెము ఎక్కువగాను, దూరపు పక్కపై కొంచెము తక్కువగాను ఉండును. ఈ తేడావలన సముద్రజలము రెండు పక్కలను ఉబ్బును. అందుచేత ఒక పోటునకును మరియొక పోటునకును నడుమ 12 గంటల 25 నిమిషములు పట్టును. సూర్యుడును ఈ పని చేయును గాని అతని వంతు సగముకంటె తక్కువ. అమావాస్యకు, పున్నమకు ఇద్దరి బలములును కలియుటచే పెద్ద పోట్లు వచ్చును. అష్టమి ప్రాంతమున చిన్నవి వచ్చును. ఇది మన పల్లెకారులకు పుస్తకము చదువకయే తెలిసిన సంగతి.

అయితే నడిసముద్రములో ఈ ఉబ్బు ఒక మీటరైనను ఉండదు. సాన్ మాలో వద్ద మాత్రము పోటునకును పాటునకును నీటిమట్టములోని తేడా సగటున 8.2 మీటర్లు, పెద్ద పోట్లలో 13.5 మీటర్లవరకు పోవును. అనగా నాలుగంతస్తుల మేడయెత్తు! అట్లాంటిక్ నుండి వచ్చు పోటుకెరటము, ఇంగ్లీషు చానెల్ అను ఇరుకైన, లోతు తక్కువైన జలసంధిలో ప్రవేశించును. ముందుకు పొడుచుకొని వచ్చిన కోతాంతాన్ ద్వీపకల్పము గోడవలె అడ్డుపడును. నీటికి పోవుటకు చోటులేక మూలనున్న సాన్ మాలో అఖాతములో పైకి లేచును. పొడుగాటి తొట్టిలోని నీటిని ఒక చివర తట్టుచుండగా రెండవ చివర నీరు ఎగిసిపడుట చూచిన వారికి ఇది సులభముగా బోధపడును.

ఇపుడు లెక్కకు వత్తము. మొగకు కట్ట కట్టి, పోటువేళ నీటిని లోనికి రానిచ్చి, తలుపులు మూసితిమనుకొందము. బయట సముద్రము తగ్గిన తరువాత ఈ నీటిని టర్బైనులగుండ వదలవలెను. పోటు ఎత్తు రెట్టింపైనచో లోపల నిలుచు నీరు రెట్టింపగును; ఆ నీరు పడు ఎత్తును రెట్టింపగును. కనుక దొరకు శక్తి రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును. శక్తి పోటు ఎత్తుయొక్క వర్గమును అనుసరించి మారును. ఈ ఒక్క వాక్యమును పట్టుకొన్నచో పోటువిద్యుత్తు చరిత్రలో సగము అర్థమగును.

రాన్స్ కట్టకు ఎగువనున్న జలాశయపు వైశాల్యము 22 చదరపు కిలోమీటర్లు. 8.2 మీటర్ల తేడాతో ఒక నింపులోని స్థితిజశక్తిని కట్టినచో సుమారు 20 లక్షల యూనిట్లు వచ్చును. ఏడాదికి 705 పోట్లు. ఆ లెక్కన ఏటికి 145 కోట్ల యూనిట్లు కావలెను. వాస్తవముగా ఈ కేంద్రమునుండి వచ్చునది ఏటికి సుమారు 50 కోట్ల యూనిట్లు. మూడింట రెండువంతులు ఎచటికి పోయినవి? జలాశయము నిలువుగోడల తొట్టి కాదు, క్రిందికి పోయినకొలది ఇరుకగును. లోపల బయట మట్టముల తేడా చాలినంత లేనిదే టర్బైనులు తిరుగవు. కనుక మొదటి భాగమును, చివరి భాగమును వదలుకొనవలెను. యంత్రముల నష్టములు ఉండనేయున్నవి.

మన తీరమునకు ఇదే త్రాసు పట్టుదము. విశాఖపట్టణమువద్ద పున్నమ, అమావాస్య పోట్లకు సైతము నీటి తేడా సుమారు ఒకటిన్నర మీటరు. 8.2ను 1.5చే భాగించి వర్గము చేసినచో 30 వచ్చును. అంతే పొడుగు కట్ట కట్టి, అంతే జలాశయమును నిలిపినను, మనకు రాన్స్‌లో ముప్పదియవ వంతు శక్తియే దొరకును; కట్ట ఖర్చు మాత్రము ముప్పదియవ వంతుకు తగ్గదు. గోదావరి మొగలో ఇట్టి కేంద్రము లేకపోవుటకు అశ్రద్ధ కారణము కాదు, ఈ గుణకారమే కారణము. తీరపు పాఠశాలల ఉపాధ్యాయులు దీనిని పిల్లలచేతనే చేయింపవచ్చును. గట్టిగా పాతిన వెదురుకర్రపై సెంటీమీటర్ల గుర్తులు పెట్టి, ఒక పక్షముపాటు ఏటిలో పోటు పాటు మట్టములు వ్రాయించినచో, లెక్కకు కావలసిన అంకెలు తమ ఊరినుండియే వచ్చును.

రాన్స్ తీరవాసులకు పోటునీటితో పని చేయించుకొనుట క్రొత్త కాదు. మధ్యయుగముల నాటినుండియు ఆ మొగలోని చిన్న చిన్న పాయలకు అడ్డుకట్టలు కట్టి, పోటునీటిని నిలువచేసి, పాటువేళ దానిని వదలి పిండిమరలు త్రిప్పిరి. పాటు అర్ధరాత్రి వచ్చినచో మరవాడు అర్ధరాత్రియే లేవవలెను! ఈ చిక్కు నేటి కేంద్రమునకును తప్పలేదు. ఆ సంగతి తరువాత చెప్పెదను. ఆధునిక కాలమున బ్రిటనీలోనే అబెర్ వ్రాక్ అను చోట 1925లో ఇట్టి విద్యుత్కేంద్రమును కట్టబూని, డబ్బు చాలక 1930లో విరమించిరి.

దినార్ వైపునుండి కట్టపై నడచుచు వచ్చువారికి మొదట పడవల లాకు కనబడును. ఇది 65 మీటర్ల పొడుగు, 13 మీటర్ల వెడల్పు గలది. ధవళేశ్వరపు లాకులను చూచినవారికి దీనిని వర్ణింపనక్కరలేదు; పద్ధతి అదియే. పడవలు పోవునపుడు రోడ్డు ముక్క పైకి లేచును, మోటార్లు బారులు తీరి నిలుచును. లాకు తరువాత అసలు విద్యుత్కేంద్రము. 330 మీటర్లకు పైగా పొడుగుగల బోలు కాంక్రీటు సొరంగమువంటి కట్టడమిది, దానిపైననే రోడ్డు. ఆపైన 163 మీటర్ల రాతికట్ట. చివరకు, సాన్ మాలో వైపున, ఒక్కొక్కటి 15 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తుగల ఆరు తలుపులు. పోటువేళ ఈ తలుపులెత్తి సముద్రమును లోనికి రానిత్తురు.

మన జలవిద్యుత్కేంద్రములలో సాధారణముగా టర్బైను ఇరుసు నిలువుగా నుండును. జనరేటరు దానికిపైన పొడిగదిలో నుండును. నీరు ఎంతో ఎత్తునుండి పడునపుడు ఈ ఏర్పాటు బాగుగనే యుండును. కాని రాన్స్‌లో నీరు పడునది కొద్ది మీటర్లే. తక్కువ ఎత్తునుండి ఎక్కువ శక్తి తీయవలెనన్నచో అపారమైన నీటిని వంకరలు లేని దారిన పోనీయవలెను. ప్రతి మలుపును కొంత ఎత్తును మింగివేయును. అందుచేత ఇంజనీర్లు టర్బైనును పరుండబెట్టి, జనరేటరును ఉక్కుతో చేసిన గుడ్డువంటి గదిలో మూసి, ఆ గదినే నీటిదారి నడుమ నిలిపిరి. నీరు దానిచుట్టును జారి, ముందున్న నాలుగు రెక్కల చక్రమును త్రిప్పి పోవును. ఆ చక్రపు వ్యాసము 5.35 మీటర్లు. పైనుండి దిగు గొట్టముద్వారా మనిషి ఈ ఉక్కుగుడ్డులోనికి దిగి యంత్రమును చూచి రావచ్చును. చుట్టును సముద్రము పరుగెత్తుచుండగా పొడిగా నిలుచుండి జనరేటరును పరీక్షించుట ఎట్టి అనుభవమో ఊహించుకొనుడు!

చక్రము నిమిషమునకు 93.75 చుట్లు మాత్రమే తిరుగును. ఇంత నెమ్మదిగా తిరుగు యంత్రమునుండి సెకండునకు 50 ఆవృత్తుల విద్యుత్తు రావలెనన్నచో జనరేటరులో 32 జతల అయస్కాంత ధ్రువములుండవలెను. విద్యార్థులు గుణించి సరిచూచుకొనవచ్చును. ఉప్పునీరు ఉక్కును తినివేయకుండ, లోహభాగములకు సన్నని విద్యుత్ప్రవాహమును నిరంతరము పంపుచు తుప్పును ఆపుచున్నారు.

ఒక పోటు కాలములో ఇచట జరుగు పని ఇది. సముద్రము పొంగునపుడు తలుపులు తెరచి జలాశయమును నింపుదురు. నిండగానే తలుపులు మూసి వేచియుందురు. బయట నీరు చాలినంత తగ్గగానే టర్బైనులను తెరతురు. అవి కొన్ని గంటలపాటు తిరుగును. తేడా తగ్గిపోయినపుడు ఆపివేసి, మరల సముద్రము పొంగువరకు కూర్చుందురు. ఈ టర్బైనులు నీరు లోనికి వచ్చునపుడును విద్యుత్తు తీయగలవు. కాని అట్లు చేసినచో జలాశయము పూర్తిగా నిండదు. కనుక పెద్ద పోట్లకు తప్ప ఆ పద్ధతి అంతగా లాభింపదు.

నాకు ఈ కేంద్రములో అన్నిటికంటె ఆశ్చర్యకరముగా తోచినది వేరొకటి. జలాశయము నిండిన తరువాత, ఈ టర్బైనులనే పంపులుగా మార్చి, దేశపు విద్యుత్ గ్రిడ్డునుండి కరెంటు తీసికొని, మరికొంత సముద్రపు నీటిని లోనికి తోడుదురు! విద్యుత్తు తయారుచేయు కేంద్రము విద్యుత్తును ఖర్చు చేసి నీరు తోడుకొనుట మొదట వినుటకు తెలివితక్కువగా కనబడును. లెక్క చూడుడు. లోపల బయట మట్టములు సమానముగా నున్న క్షణమున పని మొదలిడి, జలాశయమును ఒక మీటరు పైకి లేపితిమనుకొందము. మొదటి చుక్క అసలు ఎత్తు ఎక్కనక్కరలేదు, చివరి చుక్క ఒక మీటరు ఎక్కవలెను, సగటున అరమీటరు. ఈ పనికి సుమారు 30 వేల యూనిట్లు చాలును. కొన్ని గంటలు గడచినవి. బయట సముద్రము 5 మీటర్లు దిగినది. మనము ఎక్కించిన ఆ మీటరు నీరు ఇపుడు సగటున అయిదున్నర మీటర్లు పడును. ఎక్కించినది అరమీటరు, దించినది అయిదున్నర! 30 వేల యూనిట్లు పెట్టి 3 లక్షల 30 వేల యూనిట్లు రాబట్టితిమి. యంత్రముల నష్టములు రెండు మారులు తీసివేసినను మిగులు చాల పెద్దది.

తరగతిలో ఈ లెక్క చెప్పినచో చురుకైన విద్యార్థి వెంటనే లేచి, ఇది శక్తి నిత్యత్వ సూత్రమునకు విరుద్ధము కాదా అని అడుగును. అడుగవలెను గూడ. మనము నీటిని ఎక్కించితిమి. కాని బయటి సముద్రమును దించినవారము మనము కాము. ఆ పని పోటుపాట్లు చేసినవి. మిగులంతయు అచటినుండి వచ్చినదే. మరి పోటుపాట్లకు శక్తి ఎవరిచ్చుచున్నారు? చంద్రుడని సాధారణముగా చెప్పుదురు గాని, అసలు పెట్టుబడి భూభ్రమణముది. పొంగిన నీటిని కదిలించుకొనుచు తిరుగుటలో భూమి తన వేగమును రవంత పోగొట్టుకొనుచున్నది. అందుచే దినప్రమాణము నూరేండ్లకు సుమారు రెండు మిల్లీసెకండ్ల చొప్పున పెరుగుచున్నది. చంద్రుడు ఏటికి 3.8 సెంటీమీటర్ల చొప్పున మనకు దూరమగుచున్నాడు. ఇది రాన్స్ కట్టకు ముందునుండియు, ప్రపంచపు తీరములన్నిటివద్దను జరుగుచున్న పనియే. కట్టవలన దానికి కలిగిన మార్పు ఎన్నదగినది కాదు.

నీరు తోడుటలో మరియొక ప్రయోజనము కలదు. పైన చెప్పిన మరవాని చిక్కు ఇదే. పోటు చంద్రుని గడియారమును అనుసరించును. మనము సూర్యుని గడియారమును అనుసరించుదుము. నేడు సాయంకాలము ఆరు గంటలకు దొరకిన శక్తి రేపు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా దొరకును. వారము తిరుగునప్పటికి అందరును నిద్రించు వేళకు చేరును. తోడుటచేతను, కొంత నిలిపి వదలుటచేతను ఈ వేళను ఒకటి రెండు గంటలు ఇటునటు జరుపవచ్చును. ఏ వేళ తోడవలెను, ఏ వేళ వదలవలెను అను దానిని గణితశాస్త్ర సమస్యగా చేసి పరిష్కరించినవారిలో ముఖ్యుడు ఫ్రెంచి ఇంజనీరు రొబేర్ జిబ్రా. ఆర్థికశాస్త్రజ్ఞులు ఇతనిని, సంస్థల పెరుగుదలను గూర్చిన వేరొక సూత్రముచే ఎరుగుదురు. ఇంత చేసినను, ఈ కేంద్రము ఏడాది పొడుగున నిండు సామర్థ్యముతో తిరిగినచో రావలసిన దానిలో నాలుగవ వంతే వచ్చుచున్నది. ఇది యంత్రముల లోపము కాదు, పోటు స్వభావమే అట్టిది.

ఇక దీనికి రాన్స్ నది చెల్లించిన వెల. పెద్ద పోటు నడుమన ఆ మొగలో సెకండునకు 18 వేల ఘనపు మీటర్ల నీరు పరుగెత్తును. అట్టి ప్రవాహములో కాంక్రీటు పోయుట అసాధ్యము. కనుక ఇంజనీర్లు 1961లో పని మొదలిడి, పోటు పాటులు మారు సందులో నీరు నిలుకడగా నుండు కొద్దిసేపటిలో గుండ్రని కాంక్రీటు పెట్టెలను ఒక్కొక్కటిగా దింపి, వాని నడుమ సందులను మూసి, తాత్కాలికపు గోడలు కట్టిరి. 1963 నాటికి మొగ పూర్తిగా మూతపడినది. గోడల నడుమ నీటిని తోడివేసి, సముద్రపు నేలమీద పొడిగా నిలిచి కేంద్రమును కట్టిరి. ఇంజనీరింగు దృష్టితో అది మెచ్చదగిన పని.

కాని ఆ మూడేండ్లును కట్ట వెనుకనున్న నీటికి పోటు లేదు, పాటు లేదు. నదినుండి వచ్చిన మంచినీరు కదలక నిలిచినది, ఉప్పదనము మారిపోయినది, బురద అడుగున దిగినది. సముద్రజీవులు దాదాపుగా నశించినవి. 1966లో మరల సముద్రపు నీరు వచ్చుట మొదలైన తరువాత జీవరాశి నెమ్మదిగా తిరిగి వచ్చినది. ఒక విధమైన సమతూకము ఏర్పడుటకు సుమారు పదేండ్లు పట్టినది. అదియు పూర్వపు సమతూకము కాదు. ఇసుకలో దాగు సన్నని చేపలును, నేలనంటియుండు బల్లపరుపు చేప జాతి ఒకటియు పోయినవి. సీ బాస్ అను చేపలును, కటిల్ ఫిష్‌లును తిరిగి చేరినవి. జలాశయములో నీటి హెచ్చుతగ్గులు మునుపటికంటె తగ్గుటచే ఎగువభాగమున ఒండ్రు పేరుకొనుచున్నది. దానిని త్రవ్వి తీయవలసి వచ్చుచున్నది. ఇచట ఒక భేదమును గమనింపవలెను. పెద్ద దెబ్బ తగిలినది టర్బైనులవలన కాదు, వానిని కట్టుటకు మొగను మూసియుంచిన మూడేండ్లవలన. కొంత నీటిని ఎప్పటికప్పుడు రానిచ్చుచు కట్టియుండవలసినదని నా అభిప్రాయము. ఖర్చు పెరిగియుండును, కాలము పెరిగియుండును, కాని నది బ్రతికియుండును.

తరువాతివారు ఈ అనుభవమును చూచియే వెనుకాడిరి. బ్రిటనులోని సెవర్న్ మొగలో పెద్ద పోట్ల ఎత్తు సుమారు 14 మీటర్లు. అచట కట్ట కట్టుటకు ఎన్నియో పథకములు వేసిరి. 2010లో ఆ ప్రభుత్వము ఖర్చును, పక్షులకు చేపలకు కలుగు నష్టమును లెక్కించి మానుకొన్నది. కెనడాలో 1984లో నెలకొల్పిన 20 వేల కిలోవాట్ల అన్నాపొలిస్ కేంద్రము 2019లో ఆగిపోయినది. దక్షిణ కొరియాలో మాత్రము కథ తలక్రిందులుగా నడచినది. సిహ్వా అను చోట 1994లో సముద్రమునకు అడ్డముగా గోడ కట్టి, మంచినీటి సరస్సు చేయబోయిరి. ఫ్యాక్టరీల మురుగు చేరి ఆ నీరు చెడిపోయినది. అపుడు ఆ గోడకే కంతలు చేసి పది టర్బైనులు పెట్టిరి. 2011లో తిరుగనారంభించిన ఈ కేంద్రపు సామర్థ్యము 2 లక్షల 54 వేల కిలోవాట్లు. నలుబదియైదేండ్లపాటు రాన్స్‌కున్న అగ్రస్థానము అంతటితో పోయినది. సిహ్వాలో పోటువేళ సముద్రము లోనికి వచ్చునపుడే విద్యుత్తు తీయుదురు. సరస్సు కూడ సముద్రపు నీటితో శుభ్రపడుచున్నది. కట్ట అదివరకే యున్నది గనుక క్రొత్తగా చంపవలసిన నది అచట లేకపోయినది.

మన దేశమున ఈ లెక్కకు నిలువగల చోట్లు పడమటి తీరమున గుజరాతులో కలవు. ఖంబాత్ సింధుశాఖలో పెద్ద పోటు 11 మీటర్ల వరకు, కచ్ సింధుశాఖలో 8 మీటర్ల వరకు లేచును. పథకములు పలుమారులు వేయబడినవి. ఖర్చు చూచి ఆగినవి. నేటికిని అచట ఒక్క కేంద్రమును లేదు. ఖంబాత్‌లోనికి నర్మద, తపతి, మహీ, సబర్మతి నదులు నాలుగును బురదనీటిని మోసికొని వచ్చి కలియుచున్నవి. అచట నీటిని ఆపినచో ఆ బురద ఎచట దిగును, ఎన్నేండ్లకు జలాశయమును పూడ్చును అను లెక్కను, యూనిట్ల లెక్కకంటె ముందు కట్టవలసియున్నది.